ఏఐ సీటు వచ్చింది, లక్షన్నర టాబ్లెట్ కొనాలా?

ప్రశ్న: మాది పలాస-కాశీబుగ్గ. చిన్న జీడిపప్పు వ్యాపారం. మా అమ్మాయికి విశాఖలో సీఎస్‌ఈలో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) సీటు వచ్చింది. హైదరాబాద్‌లో మా బావమరిది కొడుకు టూ-ఇన్-వన్ వాడుతున్నాడు, కీబోర్డు తీస్తే టాబ్లెట్, తగిలిస్తే ల్యాప్‌టాప్. అలాగే మైక్రోసాఫ్ట్ సర్‌ఫేస్ ప్రో గాని, యాపిల్ ఐప్యాడ్ ప్రో గాని కొందామనుకుంటున్నాను. పెన్ను, కీబోర్డుతో కలిపి లక్షన్నర దగ్గరకు వెళ్తోంది. ఏఐ కోర్సుకి ‘ఏఐ పీసీ’ అయితేనే మంచిదని షాపులో అన్నారు. ఇంట్లో బంగారం కుదువ పెడితే సరిపోతుంది. మా గుంటని అడిగితే ‘ఏదైనా పర్లేదు నాన్నా’ అంటోంది. సిటీ పిల్లల ముందు అది తక్కువ కాకూడదని నా టెన్షన్. కొనమంటారా? మామూలు ల్యాప్‌టాప్‌తో పోల్చి చెప్పండి.

జవాబు: వద్దండీ. బంగారం కుదువ పెట్టి కొనాల్సిన వస్తువు కాదిది.

శ్రీకాకుళంలో నా దగ్గరకి సీట్ల కేటాయింపు అయిపోయిన వారంలో వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇదే అడుగుతారు. ఒకరు టాబ్లెట్ అంటారు, ఒకరు గేమింగ్ ల్యాప్‌టాప్ అంటారు. లోపలున్న భయం ఒక్కటే: పల్లె నుంచి వెళ్తున్న బిడ్డని అక్కడ ఎవరైనా చిన్నచూపు చూస్తారేమో అని. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మీ ఉత్తరంలో బావమరిది కొడుకు మాట ఉంది, షాపువాడి మాట ఉంది, బంగారం లెక్క ఉంది. మీ అమ్మాయి మాట ఒక్కటే ఒక్కటి, ‘ఏదైనా పర్లేదు’ అని. ఆ పిల్లకి ఏం కావాలో మీరు కూర్చుని కనుక్కోలేదు. లక్షన్నర ఖర్చు గురించి నన్నడిగే ముందు తననే అడగాల్సింది. బంగారం బ్యాంకులో ఉందని తెలిసిన పిల్ల హాస్టల్లో స్థిమితంగా చదువుకోలేదు. ఒక సబ్జెక్టు పోయినా ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి భయపడుతుంది. అలాంటి పిల్లల్ని నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు ఆ ‘ఏఐ పీసీ’ సంగతి. మైక్రోసాఫ్ట్ 2024 మేలో కోపైలట్ ప్లస్ పీసీ అనే పేరు తెచ్చింది. ఆ ముద్ర పడాలంటే మిషన్లో ఎన్‌పీయూ అనే చిప్పు భాగం సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగలగాలి, 16 జీబీ ర్యామ్ ఉండాలి. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే ఆ ఎన్‌పీయూ చేసే పని వేరు. వీడియో కాల్‌లో వెనకున్న గోడని మసకబార్చడం, మాటల్ని అక్షరాలుగా చూపించడం, అంటే ఎవరో తయారుచేసిన ఏఐని తక్కువ బ్యాటరీతో నడపడం. మీ అమ్మాయి నేర్చుకోబోయేది ఏఐ మోడల్‌ని తయారుచేయడం. దానికి ఎక్కువగా వాడేది ఎన్విడియా గ్రాఫిక్ కార్డులు. పలచటి టాబ్లెట్లలో అవి ఉండవు. ఉండాల్సిన అవసరమూ లేదు. గూగుల్ కోలాబ్, కాగుల్ అనే సైట్లలో విద్యార్థులు బ్రౌజర్ తెరిచి ఆ కార్డుల్ని కొంత పరిమితిలో ఉచితంగానే వాడుకోవచ్చు. ఇంటర్నెట్ సరిగ్గా ఉంటే సాధారణ ల్యాప్‌టాప్‌లో కూడా ఆ పని జరుగుతుంది.

ఇక్కడే ఇంకో మాట. మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఏఐ-ఎంఎల్ అనే పేరు చూసి మీరు ఆ టాబ్లెట్ దాకా వచ్చారు. ఆ పేరు మీద నాకు కొన్ని సందేహాలున్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఇంజినీరింగ్ కాలేజీలు వరసగా ఈ బ్రాంచిలు పెట్టాయి. చాలాచోట్ల మొదటి రెండేళ్ల పాఠాలకీ మామూలు సీఎస్‌ఈ పాఠాలకీ పెద్ద తేడా ఉండదు. చెప్పేవాళ్లూ చాలావరకు వాళ్లే. ఏఐలో అసలు బరువంతా లెక్కల మీదే ఉంటుంది: మాత్రికలు, సంభావ్యత, కలనగణితం. ఇంటర్‌లో వాటిని షార్ట్‌కట్లతో దాటేసిన పిల్లలు ఇక్కడ తడబడతారు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు సర్టిఫికెట్ మీద ఏఐ అని ఉందని ఉద్యోగం ఇవ్వవు. ఆప్టిట్యూడ్ పరీక్ష, కోడింగ్, డేటా స్ట్రక్చర్స్ అడుగుతాయి. నిజంగా ఏఐ పరిశోధన వైపు వెళ్లాలంటే ఎంటెక్ దాకా, ఆపైన కూడా చదవాల్సి రావచ్చు. సీటు మార్చుకోమని నేను అనడం లేదు. మంచి సీటే, పిల్ల కష్టపడి తెచ్చుకుంది. కానీ ఆ లక్షన్నరలో కొంత దాచి, రెండో ఏడులో గణితం గాని, కోడింగ్ గాని బలహీనంగా ఉందనిపిస్తే మంచి శిక్షణకి పెట్టండి. అది పనికొస్తుంది.

ఇక పోలిక. ఐప్యాడ్ ప్రో చాలా మంచి పరికరం. 2024లో వచ్చినప్పుడు 11 అంగుళాల మోడల్ 99,900 రూపాయలు, మ్యాజిక్ కీబోర్డు 29,900, పెన్సిల్ ప్రో 11,900. ఇవన్నీ విడివిడిగా కొనాలి. ఇంత పెట్టినా అందులో విండోస్ ఉండదు. ల్యాబ్‌లో వాడే కంపైలర్లు (రాసిన ప్రోగ్రాముని మిషన్ భాషలోకి మార్చేవి), ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి కంప్యూటర్లో వేసుకున్నట్టు అందులో వేసుకోలేరు. కాబట్టి సీఎస్‌ఈ పిల్లకి అదొక్కటే సరిపోదు.

సర్‌ఫేస్ ప్రోలో విండోసే ఉంటుంది. కానీ 2024లో మామూలు కొనుగోలుదారుల కోసం వచ్చిన మోడల్లో ఇంటెల్ బదులు క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ పెట్టారు. ఇంటెల్, ఏఎండీ కోసం రాసిన ప్రోగ్రాముల్ని అది మధ్యలో తర్జుమా చేసుకుంటూ నడుపుతుంది. చాలావరకు నడుస్తాయి. ప్రింటర్ లాంటి పరికరాల్ని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు అలా నడవవు, కొన్ని ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు, ఆన్‌లైన్ పరీక్షల నిఘా సాఫ్ట్‌వేర్లు మొరాయించవచ్చు. క్యాంపస్ పరీక్ష రోజు పిల్లకి ఆ గొడవ ఎందుకు? పైగా ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం.

వాడకంలో ఇబ్బంది షాపులో తెలీదు. షాపు టేబుల్ వెడల్పుగా ఉంటుంది. సర్‌ఫేస్ వెనక రేకులాంటి స్టాండు తీసి నిలబెట్టాలి, ముందు పలచటి కీబోర్డు పరవాలి. క్లాసులో సన్నటి బెంచీ మీద ఆ స్టాండు అంచు దాటి జారుతుంది. హాస్టల్లో మంచం మీద కూర్చుని ఒడిలో పెట్టుకుంటే స్టాండు తొడలకి గుచ్చుకుంటుంది, టైపు చేస్తుంటే కీబోర్డు కిందకి వంగుతుంది. రాత్రి పన్నెండుకి రికార్డు పూర్తిచేసే పిల్లకి అది నరకం. మామూలు ల్యాప్‌టాప్‌కి ఈ బాధ లేదు.

పెన్నుతో తెర మీద రాసుకోవడం బాగుంటుంది, కాదనను. ఆర్కిటెక్చర్, డిజైన్ పిల్లలకి, ఎంబీబీఎస్‌లో లావుపాటి పుస్తకాల పీడీఎఫ్‌ల మీద గీసుకుంటూ చదివేవాళ్లకి, ఇంట్లో వేరే కంప్యూటర్ ఉండి ఇది రెండోదిగా కొనుక్కోగల వాళ్లకి ఆ డబ్బు దండగ కాదు. మీ అమ్మాయి లెక్కలు చేసుకోవడానికి మాత్రం తెల్లకాగితాల కట్ట చాలు.

మరి ఏం కొనాలి? 14 లేదా 15 అంగుళాల విండోస్ ల్యాప్‌టాప్, ఇంటెల్ కోర్ ఐ5 గాని ఏఎండీ రైజెన్ 5 గాని, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ పెంచుకునే స్లాటు ఉంటే ఇంకా మంచిది. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ విశాఖలో ఉందో లేదో కొనే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కిందపడినా రిపేరు చేసిచ్చే అదనపు వారంటీ దొరికితే తీసుకోండి, హాస్టల్ పిల్లలకి అది అవసరం. మీరు అనుకున్న డబ్బులో సగం దగ్గరలో పని అయిపోతుంది. దానికీ చేతిలో లేకపోతే, ఎలాగూ బ్యాంకులో విద్యారుణం తీసుకుంటున్నట్టయితే, కోర్సుకి అవసరమైన కంప్యూటర్ని సమంజసమైన ధరలో అందులోనే చూపించుకునే వీలుంటుంది. మేనేజర్‌ని అడగండి.

తొందరపడి క్లాసులు మొదలవ్వకముందే కొనొద్దు. మొదటి సెమిస్టర్లో సి ప్రోగ్రామింగ్‌కి కాలేజీ ల్యాబులు ఉంటాయి. ఒక నెల ఆగితే సీనియర్లు ఏం వాడుతున్నారో, సార్లు ఏం వేసుకోమంటున్నారో పిల్లకే తెలుస్తుంది.

తక్కువైపోతుందన్న మాటకొస్తే, ఇచ్ఛాపురం నుంచి, సోంపేట నుంచి, టెక్కలి నుంచి పాత ల్యాప్‌టాప్‌తో వెళ్లి బాగా స్థిరపడ్డ పిల్లలు మన జిల్లాలో బోలెడంతమంది. మొదట్లో ఇంగ్లిషులో మాట్లాడటానికి బెదురుతారు, మన యాస విని ఎవరైనా నవ్వితే ముడుచుకుంటారు. చేతిలో ఏ మిషన్ ఉన్నా ఆ బెదురు ఉంటుంది. రెండు మూడు నెలల్లో దానంతటదే పోతుంది. ఆ నెలల్లో వారానికోసారైనా మార్కులు, ఖర్చుల ఊసెత్తకుండా తనతో మాట్లాడండి. పలాస నుంచి విశాఖకి రైళ్లున్నాయి, వీలు చూసుకుని మీరే వెళ్లి రండి.

కొనే రోజు అమ్మాయిని షాపుకి తీసుకెళ్లండి. కుర్చీలో కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టి, పది నిమిషాలు తననే టైపు చేయనివ్వండి. మీరు పక్కన నిలబడి ఏమీ చెప్పొద్దు.