షుగర్ ఆపరేషన్‌కు పాప చదువు డబ్బు తీయాలా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా వారికి 46 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. తొమ్మిదేళ్లుగా షుగర్, ఇప్పుడు ఇన్సులిన్ కూడా. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. బరువు తగ్గించే ఆపరేషన్‌తో షుగర్ అదుపులోకి వస్తుందని విశాఖలో చెప్పారు. ప్యాకేజీ 4.5 లక్షలు. నెలకు 5,500 మందుల ఖర్చు మిగిలి ఆ డబ్బు తిరిగొచ్చేస్తుందట. రెండేళ్ల కిందట, షుగర్ ఉందని ముందే చెప్పి, 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) తీసుకున్నాం. వచ్చే ఏడాది పాప ఇంజినీరింగ్‌కని దాచిన 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. తీసేయమంటారా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు పాలసీ కాగితాలు తీయండి. బరువు తగ్గించే ఆపరేషన్‌కు బీమా రాదని ఏజెంట్లే చెప్పేస్తుంటారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన షరతు అలా లేదు. డాక్టర్ సలహా ఉండి, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే లెక్క) 40 లేదా అంతకు మించి ఉంటే క్లెయిమ్ ఇవ్వవచ్చు; లేదా 35 లేదా అంతకు మించి ఉండి, అదుపు తప్పిన టైప్ 2 షుగర్ తోడై, ఆపరేషన్ లేని వైద్యాలు పనిచేయని పక్షంలోనూ ఇవ్వవచ్చు.

మీ వారి బీఎంఐ 36. మూడు కిలోలు తగ్గితే 35 కిందకు దిగిపోతుంది! డాక్టర్ల లెక్క వేరు. షుగర్ ఉన్న ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఈ ఆపరేషన్ ఆలోచించవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి ఆసుపత్రిలో ‘మీకు చేయొచ్చు’ అన్నంత మాత్రాన బీమా కంపెనీ డబ్బు కడుతుందని కాదు. అలాగని క్లెయిమ్ కోసం బరువు తగ్గకుండా చూసుకోవద్దు. తగ్గి షుగర్ దిగొస్తే అంతకన్నా ఏం కావాలి?

ఇక వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ రాని గడువు. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఇప్పటి నిబంధనల ప్రకారం అది మూడేళ్లు మించకూడదు. అంటే మీకు ఇంకో ఏడాది. ఈ ఆపరేషన్‌కు విడిగా ఏమైనా గడువు, పరిమితి ఉన్నాయేమో కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఏడాది ఆగొచ్చా అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి, నేను కాదు. ఆగొచ్చంటే, మూడు నెలలకోసారి హెచ్‌బీఎ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) రిపోర్టు, డైటీషియన్ చీటీ, ఎత్తు, బరువు రాసిన ప్రిస్క్రిప్షన్ ఒక ఫైల్‌లో పెట్టండి. వేరే వైద్యం పనిచేయలేదని రుజువు చేసేవి ఆ కాగితాలే.

మందుల లెక్కతో ఆపరేషన్ ఖర్చు తిరిగొస్తుందన్న మాట నేను నమ్మను. మందులన్నీ ఆగిపోయినా 4.5 లక్షలు రావడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. విటమిన్లు, ఐరన్, కాల్షియం, రక్త పరీక్షలు జీవితాంతం ఉంటాయి కాబట్టి ఇంకా ఎక్కువే. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్ల స్టాంపీడ్ అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఎ1సీ 6 లేదా అంతకు తక్కువకు వచ్చినవాళ్లు బైపాస్‌లో (పొట్ట చిన్నది చేసి పేగును దారి మళ్లించే ఆపరేషన్) 29 శాతం, స్లీవ్‌లో (పొట్టలో చాలా భాగం తీసేసే ఆపరేషన్) 23 శాతం, మందులతోనే ఉన్నవాళ్లలో 5 శాతం. ఆపరేషన్ పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ ఏళ్ల తరబడి షుగర్ ఉండి ఇన్సులిన్ దాకా వెళ్లినవాళ్లకు మందులు పూర్తిగా మానే అవకాశం తక్కువ. ఆరోగ్యం కోసమైతే చేయించుకోండి, పొదుపు కోసమైతే వద్దు.

ఆగడానికి వీల్లేదని డాక్టర్ అంటే, ఎఫ్‌డీ మీదే బ్యాంకులో అప్పు తీసుకోండి. వడ్డీ ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ, పైగా డిపాజిట్ పగలదు. ఫీజులు కట్టే వేళకు ఎంత తీర్చగలరో చూసుకుని అంతే తీసుకోండి.

పాలసీలో రూమ్ రెంట్ పరిమితి కూడా చూడండి. రోజుకు 5,000 పరిమితి ఉన్న పాలసీతో 10,000 గదిలో చేరితే, గది అద్దెతో పాటు మిగతా ఖర్చుల్లో చాలావాటికి సగమే ఇస్తారు. ఫ్లోటర్‌లో 4.5 లక్షలు ఒకరికే అయిపోతే ఆ ఏడాదికి మీకూ పాపకూ మిగిలేది 50 వేలు. అందుకని చేతిలో ఒక లక్ష విడిగా ఉంచండి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు 25 కిలోల బియ్యం బస్తా ఎత్తకూడదు కదా, కొట్టులో కుర్రాడికి ఇచ్చే జీతం కూడా అందులోంచే.