కరోనా పోయినా రైలెక్కాలంటే గుండెదడ

ప్రశ్న: నా వయసు 46. ఇల్లు పాలకొల్లులో, ఉద్యోగం భీమవరంలో. 2020 దాకా రైల్లోనే వెళ్లొచ్చేవాణ్ని. కరోనాలో కారు కొన్నాను. ఇప్పుడు ఇద్దరు కొలీగ్స్‌ని ఎక్కించుకుని ఏసీ వేసుకుని దాంట్లోనే వెళ్తున్నాం. పొగ, పెట్రోలు దండగ, రైల్లో వెళ్లమంటుంది మా అమ్మాయి. నాకూ వెళ్లాలనే ఉంది. కానీ స్టేషన్ దగ్గరికెళ్తే చాలు, గుండెదడ, చెమటలు. ఇది జబ్బా డాక్టరుగారూ?
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీ వయసులో దడ, చెమటలు అనగానే భయమని తేల్చేయకూడదండీ. ముందు ఈసీజీ, బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. మెట్లెక్కినా ఛాతీ పట్టేస్తుంటే అస్సలు ఆలస్యం చేయొద్దు. అవన్నీ బాగుంటే చాలావరకు భయమే అయ్యుంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ ఇద్దరు కొలీగ్స్. కరోనా ముఖ్యంగా గాలిలోంచి, గాలాడని చోట ఎక్కువగా పాకుతుంది. అద్దాలు బిగించిన కారులో ముగ్గురు కూర్చుంటే, ఒకరికి ఉన్నది మిగతా ఇద్దరికీ అంటుకోవడం తేలిక. అయినా అక్కడ మీకు దడ రాదు, తెలిసిన ముఖాలు కాబట్టి. కిటికీలు తెరిచిన ప్యాసింజర్ బండి దగ్గర వస్తోంది. అంటే మీ మనసు భయపడుతున్నది వైరస్‌కి కాదు, పరాయివాళ్లకి.

2020 మార్చిలో జనానికి దూరంగా ఉండమన్నది మేమే. అప్పటికి అది సరైన మాటే. తర్వాత రైలు తప్పించుకున్న ప్రతిసారీ మీకు 'హమ్మయ్య' అనిపించింది. ఆ హమ్మయ్యే భయానికి మేత. దానికి అలవాటు తోడైంది. 'కారుండగా రైలెందుకండీ' అనేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఇన్నిటి ముందు పర్యావరణం మీద ప్రేమ ఒక్కటే నిలబడదు. అమ్మాయి మాట కాదంటున్నానని సిగ్గుపడకండి.

రేపే భీమవరం దాకా వెళ్లక్కర్లేదు. ఆదివారం ఊరికే ప్లాట్‌ఫారం మీద అరగంట కూర్చోండి. దడ వస్తుంది, రానివ్వండి. కాసేపటికి దానంతటదే దిగుతుంది. అది దిగకముందే లేచి వచ్చేయకండి, నియమం అదొక్కటే. నాలుగైదు వారాలయ్యాక అమ్మాయిని తోడు తీసుకుని దారిలో ఉన్న వీరవాసరం దాకా వెళ్లి రండి, కిటికీ పక్క సీటులో. ఆ తర్వాత ఒక్కరే. జలుబులు, దగ్గుల రోజుల్లో రద్దీ ఉంటే మాస్కు పెట్టుకోండి. అది పిరికితనం కాదు.

కొందరు మందుల షాపులో ఆల్ప్రజోలం అనే, ఆందోళన తగ్గించే మాత్ర అడిగి వేసుకుని బండెక్కేస్తారు. దాంతో రైలు భయం పోదు, మాత్ర అలవాటవుతుంది. రెండు నెలలైనా ప్లాట్‌ఫారం దాటలేకపోతే సైకియాట్రిస్టుని కలవండి. ఇలాంటి భయాలు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి, అంటే ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్సకి బాగానే లొంగుతాయి.