‘ఓనర్స్ రిస్క్’ అని రసీదు మీద ఉంటే దొంగతనానికి ట్రాన్స్‌పోర్టు బాధ్యత ఉండదా?

ప్రశ్న: దూరప్రాంతానికి లారీలో 80 పెట్టెల మోటార్లు పంపితే 14 పెట్టెలు చేరలేదు. రసీదు మీద ‘ఓనర్స్ రిస్క్’ (సరుకు పోతే నష్టం యజమానిదే) అని అచ్చు వేసి ఉందని, తమకు సంబంధం లేదని ట్రాన్స్‌పోర్టు వాళ్లు అంటున్నారు. ఏం చేయాలి? మళ్లీ ఇలా జరక్కుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: వాళ్లకు సంబంధం ఉంది. క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 ప్రకారం ప్రకృతి వైపరీత్యం, యుద్ధం, అల్లర్లు, జప్తు, ప్రభుత్వ ఆంక్షలు తప్ప మరే కారణంతో సరుకు పోయినా బాధ్యత రవాణాదారుదే. దొంగతనం ఈ మినహాయింపుల్లో లేదు. వాళ్ల నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయక్కర్లేదు కూడా. ‘ఓనర్స్ రిస్క్’ అని రాసుకున్నా బాధ్యత తప్పదని, 1865 నాటి పాత క్యారియర్స్ చట్టం కింద సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

అయితే గడువు విషయంలో చాలామంది నష్టపోతున్నారు. దావాకు ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, అదీ బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు. సరుకు చేరాల్సిన తేదీ నుంచి కాదు. ‘చూద్దాం, సర్దుతాం’ అన్న ఫోన్ మాటలు నమ్మి ఈ గడువు దాటించుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. నోటీసు ఈ వారమే రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో పంపండి.

పోలీసు ఫిర్యాదు కూడా వెంటనే ఇవ్వండి. దారిలో ఎక్కడ పోయిందో తెలియకపోయినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. నమ్మి అప్పగించిన సరుకును రవాణాదారే కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316(3) కింద ఏడేళ్ల వరకు జైలు. బీమా ఉంటే కంపెనీకి అదే రోజు తెలియజేయండి.

ఇకపై లోడింగ్‌కు ముందే ఫార్వర్డింగ్ నోట్‌లో (సరుకు వివరాలతో మీరు రవాణాదారుకు రాసిచ్చే పత్రంలో) సరుకు విలువ రాయండి. ఎక్కువ రిస్కు రేటు (ఎక్కువ బాధ్యత తీసుకునేందుకు రవాణాదారు అడిగే అదనపు ఛార్జీ) కట్టకపోతే పరిహారం కిరాయికి పది రెట్లు మించదు. కిరాయి రూ.20,000 అయితే, సరుకు ఎన్ని లక్షలదైనా మీకు వచ్చేది రూ.2 లక్షలే! ఖరీదైన సరుకుకు ఆ అదనపు రేటు కట్టడమే మేలు.

లారీ నంబరు ఈ-వే బిల్లుతో (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఆన్‌లైన్ పత్రంతో) సరిపోయిందో చూడండి, డ్రైవర్ లైసెన్సు ఫొటో తీసుకోండి, సీలు నంబరు రసీదు మీద రాయించండి. దారిలో లారీ మారిస్తే మీ అనుమతి కావాలని ముందే రాసుకోండి. సరుకు దించుకునేవాళ్లకు కూడా ఒక మాట గట్టిగా చెప్పండి: పెట్టెలు లెక్కపెట్టి, తక్కువైతే ఆ సంఖ్య రసీదు మీద రాశాకే సంతకం పెట్టాలి.