తరగతి గదిలో పెద్దరికం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కొత్తగా డీఎస్సీలో వచ్చాను. రణస్థలం మండలంలో ఇద్దరు టీచర్ల బడి. 3, 4, 5 తరగతులు నావి, మొత్తం 34 మంది. ఐదో తరగతిలోనే చాలామందికి వాక్యం చదవడం రాదు. సిలబస్ నడపాలా, అక్షరాలు దిద్దించాలా? శిక్షణలో ‘టీచరే లీడర్’ అన్నారు. ఇక్కడ లీడర్ చేయాల్సింది ఏమిటో చెప్పలేదు.

జవాబు: ఎవరికి ఎంత వచ్చో ముందు మీరే తేల్చుకోండి. నిరుటి రిజిస్టర్లో గ్రేడ్లను నమ్ముకోవద్దు. ఒక కాగితం మీద నాలుగు మెట్లు రాయండి: పది అక్షరాలు, పది చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల కథ. ఒక్కొక్కరినీ వరండాలోకి, మిగతావాళ్ళకు వినపడనంత దూరం పిలవండి. పేరాతో మొదలుపెట్టండి. మూడు తప్పులకు మించకుండా, కూడబలుక్కోకుండా చదివితే కథ ఇవ్వండి. చదవలేకపోతే మాటలు, ఐదు అడిగితే నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, లెక్క అదే. మనిషికి నాలుగు నిమిషాలు వేసుకున్నా 34 మందికి రెండుంబావు గంటలు, అంటే మూడు రోజుల్లో తీరిపోయే పని. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి, పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో ఊరూరా వాడుతున్నది ఈ పద్ధతే.

పరీక్షించేటప్పుడు కొత్త టీచర్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. పిల్లవాడు ‘చెప్పు’ను ‘సెప్పు’ అని, ‘వెళ్ళాడు’ను ‘ఎల్లాడు’ అని చదివితే తప్పు వేస్తారు. అది తప్పు కాదు. అక్షరాన్ని గుర్తుపట్టి ఇంటి పలుకులో పలికాడంతే. మధ్యలో ఆపి దిద్దారంటే వాడు కాగితం వదిలేసి మీ ముఖం చదవడం మొదలుపెడతాడు. ‘చేప’ను ‘పాప’ అంటే అప్పుడు తప్పు వేయండి.

తర్వాత తరగతులు పక్కనపెట్టి మెట్లను బట్టి గుంపులు చేయండి. రోజూ ఒక గంట, అదే వేళకు. మొదటి పది నిమిషాలు అందరూ కలిసి ఒక బొమ్మ గురించో నిన్నటి సంత గురించో మాట్లాడాలి. ఆ మాటల్లోంచి రెండు వాక్యాలు బోర్డు మీద రాసి, వేలు పెట్టి చదివించడానికి పదిహేను నిమిషాలు. గుంపుల్లో పని పాతిక నిమిషాలు. చివరి పది నిమిషాలూ ఎవరికి వచ్చింది వాళ్ళు రాయాలి.

గుంపుల పని జరిగే ఆ పాతిక నిమిషాలూ మీరు అక్షరాల గుంపు దగ్గరే కూర్చోవాలి. పద్ధతి చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కథ చదివే పిల్లలు ముద్దొస్తారు, వాళ్ళ దగ్గర పాఠం హాయిగా సాగుతుంది. దాంతో వెనకబడ్డవాళ్ళను క్లాస్ లీడర్‌కి అప్పగించేస్తాం. వాడు చేసేది పెద్దగా చదివి, వీళ్ళ చేత అనిపించడమే. కోరస్‌లో ముగ్గురి గొంతు వెనక పదిమంది దాక్కోవచ్చు. అందుకే గుంపులో ప్రతి పిల్లా రోజుకు ఒక్కసారైనా ఒంటరిగా చదవాలి. కథ గుంపుకు పుస్తకం ఇచ్చి, చదివాక మూడు ప్రశ్నలు తయారుచేయమంటే చాలు, వాళ్ళ దారి వాళ్ళు చూసుకుంటారు.

తెలుగులో పిల్లలు ఆగిపోయే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే: కె-కే, కొ-కో లాంటి హ్రస్వ దీర్ఘాలు, ప-ష-స, మ-య, డ-ద పోలికలు, ఆపైన ఒత్తులు. 56 అక్షరాలూ వరసగా దిద్దించి తర్వాత గుణింతంలోకి వెళ్దామనుకుంటే ఏడాది గడిచిపోతుంది. బాగా వాడుకలో ఉన్న ఐదారు హల్లులు తీసుకుని వెంటనే గుణింతంతో కలిపేయండి. క, ల, ప, మ, ర, త వస్తే కాకి, పాము, తల, కల, మేక, కోతి చదివించవచ్చు. ఙ, ఞ ఎక్కడికీ పోవు.

నాలుగు వారాలకోసారి మళ్ళీ పరీక్షించండి, కానీ కొత్త పేరాతో. పాతదే ఇస్తే పిల్లలు అప్పజెప్పేస్తారు, వాళ్ళు ఎదిగారని మీరు పొరబడతారు. మెట్టు దాటిన పిల్లను ఆ రోజే పై గుంపులోకి పంపండి. నెలాఖరు దాకా ఆపితే కింది గుంపుకు ‘మొద్దుల గుంపు’ అన్న పేరు స్థిరపడిపోతుంది. గోడ మీద ఏ మెట్టులో ఎంతమందో అంకెలు మాత్రమే రాయండి, పేర్లు వద్దు. చదివే వేగాన్ని నిమిషానికిన్ని మాటలని కొలిచే అలవాటు ఇప్పుడు ఎక్కువైంది. ‘వెళ్ళకపోయినందువల్ల’ ఒకే మాటగా లెక్కకు వచ్చే భాషలో ఆ కొలతను కాస్త అనుమానంతోనే చూడాలి.

సిలబస్ సంగతి: మిగతా పీరియడ్లలో పాఠం నడపండి, కానీ మీరే గట్టిగా చదివి వినిపించండి. చదవలేని పిల్లకు విషయం చెవి ద్వారా అందుతుంది. లెక్కలకూ ఇదే తంతు. అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలో తడబడితే చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించండి. కట్ట విప్పితేనే అప్పు అర్థమవుతుంది. విడిగా లెక్కపెట్టడానికి చింతపిక్కలు మేలు. జీడితోటలుండే ఉద్దానం వైపు టీచర్లు జీడిపిక్కలు వాడదామనుకుంటారేమో, వద్దు. తొక్కలోని జీడి తగిలితే పిల్లల వేళ్ళు పొక్కుతాయి.

లీడర్ ఏం చేయాలని కదా అడిగారు. మార్చి నాటికి 34 మందీ పేరా చదవాలి అని ఒక్క లక్ష్యం పెట్టుకుని, అది పిల్లలకూ పక్క టీచరుకూ తల్లులకూ తెలిసేలా చేసి, నెలనెలా అంకె చూసుకుని మీ పాఠాన్ని మీరే మార్చుకోవడం. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ కూడా పిల్లల స్థాయి అంచనా వేసి, అవసరమైనవాళ్ళకు అదనంగా బోధించడం టీచరు విధి అనే చెబుతోంది.

ప్రశ్న: మాది చేపలవాళ్ళ ఊరు, భోగాపురం తీరం. తండ్రులు వేటకు గుజరాత్ వెరావల్ వెళ్ళిపోతారు. పేరెంట్స్ మీటింగ్ పెడితే నలుగురు వస్తారు, అందులో ఇద్దరు మామ్మలు. ఏం చేయాలి?

జవాబు: మీటింగ్ ఏ వేళకు పెడుతున్నారు? ఉదయం 11 గంటలకైతే నలుగురు రావడమే గొప్ప. ఆడవాళ్ళు చేపల గంపలతో ఊళ్ళు తిరిగే సమయం అది. గంపలు దించి, స్నానాలు అయ్యాక, సాయంత్రం ఆరున్నరకు రామమందిరం అరుగు మీద పెట్టండి. తండ్రులు కావాలంటే రెండు అదనులున్నాయి: సంక్రాంతి సెలవులిచ్చే ముందు రోజు ఒకటి, ఇక్కడే వేటాడే తండ్రులకైతే ఏప్రిల్ 15న తూర్పు తీరంలో వేట నిషేధం మొదలయ్యాక వేసవి సెలవుల్లోపు దొరికే ఆ వారం రోజులు ఇంకొకటి.

వచ్చినవాళ్ళకు ఉపన్యాసం వద్దు, ఫిర్యాదు అసలే వద్దు. ప్రతి పిల్లా తన తల్లి ఎదుట తనకు వచ్చిన మెట్టులో ఒక్క నిమిషం చదవాలి. అక్షరాలే వస్తే అక్షరాలే. ఆ తర్వాత ఒకటే కోరండి: రాత్రి పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని చదివించి వినమని. చదువు రాని మామ్మ కూడా వేలు మాట మీద కదులుతోందో లేదో చూడగలదు. వెరావల్‌లో ఉన్న తండ్రికి ఆదివారం వీడియో కాల్‌లో చదివి వినిపించడం ఇంకా బాగా పనిచేస్తుంది.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలన్నది విద్యాహక్కు చట్టం. సంతకాలకే పిలిస్తే సంతకాలకే వస్తారు. నెల అంకెలు వాళ్ళ చేత చదివించండి. కుటుంబం మధ్యలో వలస వెళితే టీసీ వెంటనే రాసిచ్చేయండి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకపోవడానికీ వీల్లేదు; ఆ మాట తల్లికి ముందే చెప్పి పంపండి.

ప్రశ్న: మందస మండలం కొండ గూడెంలో బడి. ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో గిరిజన భాష సవర మాట్లాడతారు. నా తెలుగు వాళ్ళకు అర్థం కావడం లేదు.

జవాబు: మీ జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు, వాళ్ళకు బడులు పెట్టించారు. మీరు అంత చేయనక్కర్లేదు. గూడెంలో ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని వంద మాటలు తెలుగు లిపిలో రాసుకోండి: రా, కూర్చో, ఆకలి, నొప్పి, ఇంటి సామాన్లు, చెట్లు, చుట్టరికాలు. మొదటి ఆరు వారాలు పలక బయటకు తీయకుండా మాటలు, ఆటలే. సవరలో చెప్పి, అదే తెలుగులో అనండి. మాట తెలియకుండా అక్షరం దిద్దిస్తే చేతిరాత ముత్యాల్లా వస్తుంది, చదివింది మాత్రం అర్థం కాదు. పెద్ద తరగతి పిల్లను దుబాసీగా పెట్టుకోవచ్చు, కానీ రోజూ ఒకే పిల్లను కాదు. ఆమె చదువు పోతుంది.

ప్రశ్న: హెచ్‌ఎం ఉండగా నేను పెద్దరికం చేస్తే బాగుంటుందా?

జవాబు: మీ అంకెలు ముందు ఆయనకే చూపించండి. ఆ గంట టైమ్‌టేబుల్లో ఆయన చేతే రాయించండి. సీనియర్ టీచరుకు సలహా చెప్పడానికి వెళ్ళకండి, మీ గుంపులో ఒక గంట కూర్చోమని పిలవండి.

ప్రశ్న: విజయనగరంలో ఇంజినీరింగ్ పూర్తిచేశాను. టీచ్ ఫర్ ఇండియాలో చేరి మా ఊళ్ళో పాఠాలు చెప్పొచ్చా?

జవాబు: అది 2009లో ముంబయి, పుణెలలో మొదలైన రెండేళ్ళ పూర్తికాలం ఫెలోషిప్. పంపేది పెద్ద నగరాల్లోని పేద పిల్లల బడులకు, మనకు దగ్గర్లో హైదరాబాద్. సొంత ఊళ్ళోనే చేయాలనుకుంటే బీఈడీయో డీఎల్‌ఎడ్డో చేసి డీఎస్సీ రాయడం దీర్ఘమైన దారి. ఈలోగా బడి హెచ్‌ఎం అనుమతితో వారానికి మూడు సాయంత్రాలు, పదిమందికి మించకుండా, పైన చెప్పిన నాలుగు మెట్ల కాగితంతో మొదలుపెట్టవచ్చు. వారానికి ఆరు రోజులూ వస్తానని మాటిచ్చి నెలకు మానేసే వాలంటీర్లను పిల్లలు చాలామందిని చూశారు.