శివారు కుళాయి దగ్గర మొదలుపెట్టు

బ్రాడీపేట,
గుంటూరు.

చి. శిరీషకు మేనత్త ఆశీస్సులు.

బందరు పాతపేటలను బాగుచేసే ప్లాను టీములో నువ్వు చేరావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. విజయవాడ ప్లానింగ్ కాలేజీలో నీకు సీటు వచ్చిన రోజు కూడా నేనింత పొంగిపోలేదు. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. మీ నాన్నకు నీ హాస్టలు గురించి, భోజనం గురించి టెన్షన్. నాకు నీళ్ల గురించి.

మీరు వేసిన బొమ్మలు వాడే వాట్సాప్‌లో పంపాడు. కోనేరు సెంటర్లో రాళ్లు పరిచిన బాట, దీపస్తంభాలు, పాత మేడలకు రంగులు, చెట్ల కింద అరుగులు. చాలా బాగున్నాయి తల్లీ. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి దుకాణం పెట్టిన ఊరు, అంతకు ముందే డచ్చివాళ్లు దిగిన ఊరు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని పేటల పేర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. అలాంటి ఊరికి మళ్లీ కళ తేవాలనుకోవడం మంచి పని, చెయ్యాల్సిన పని. కానీ మీరు వేసిన ఏ బొమ్మలోనూ కుళాయి లేదు. బిందె పట్టుకున్న ఆడమనిషి లేదు. నాకు భయం పట్టుకుంది అక్కడే.

నీకు తెలిసినవి ఎలాగూ చేస్తావు. పేటలన్నీ కాలినడకన తిరుగు. నీళ్లు వదిలే వేళకు అక్కడ ఉండు, ఎంత తెల్లవారుజామైనా సరే. పెద్ద ఆఫీసరును కలిసే ముందు పారిశుద్ధ్య మేస్త్రీని, నీళ్ల ఫిట్టరును కలువు. ఎండలో గొడుగు వేసుకో, సిగ్గుపడకు.

ఇప్పుడు రాసేది మాత్రం నిదానంగా చదువు.

నేను హెల్త్ విజిటరుగా కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక ఊళ్లో వేశారు. ఊరి పేరు ఎందుకులే. అక్కడ ఒక బజారు వీధి, రెండు వైపులా తెరిచిన సైడు కాలువలు. కంపు, ఈగలు, పిల్లలు జారి పడటం. వీధిని అందంగా చెయ్యాలని డబ్బు మంజూరైంది. కాలువల మీద నాపరాళ్లు పరిచి, పైన సిమెంటు పోసి, నడిచే బాటగా మార్చాలని నిర్ణయించారు. కొట్లవాళ్లు సంతోషించారు, ఇళ్లవాళ్లు సంతోషించారు.

ఆ ఇళ్ల కుళాయి పైపులన్నీ ఆ కాలువల్లోంచే పోయేవి. మెయిన్ పైపు రోడ్డుకు ఒక పక్కన ఉంటే, అవతలి పక్క ఇళ్ల కనెక్షన్లు కాలువను దాటాలి కదా. కొన్ని దాటడం కూడా కాదు, కాలువ అడుగునే బారల పొడుగునా పడుకుని ఉండేవి. చిల్లు పడిన చోటల్లా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించి ఉండేది. మూత వేసేముందు పైపులు తీసి పక్కకు వేద్దామని ఒక ముసలి ఫిట్టరు మొత్తుకున్నాడు. ఎస్టిమేటులో ఆ ఐటం లేదన్నారు. పండగలోపు పని పూర్తి కావాలన్నారు. పూర్తయింది. వీధి నిజంగానే బాగుంది.

వానలు పడ్డాయి. ఆ వీధి చివర ఇళ్లలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. బయటి తిండి తిన్నారన్నారు, మామిడిపళ్లన్నారు. నేను ఓఆర్‌ఎస్ పొట్లాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ట్యాంకు దగ్గర నీళ్లు పరీక్ష చేస్తే క్లోరిన్ బాగానే ఉంది. వీధి చివరి కుళాయి దగ్గర ఓటీ చుక్కలు వేస్తే, అదే, క్లోరిన్ ఉంటే నీళ్లను పసుపు చేసే మందు, నీళ్లు పసుపు రంగుకు తిరగలేదు. అంటే మధ్యలో ఎక్కడో మురుగు కలుస్తోంది, క్లోరిన్ అంతా దానికే ఖర్చయిపోతోంది. ఎక్కడ? పైన సిమెంటు. ఇంతకు ముందైతే ఫిట్టరు కాలువ వెంట నడిచి కంటితో చూసి చెప్పేవాడు. ఇప్పుడు పలుగులతో పగలగొట్టాలి, దానికి మళ్లీ పై నుంచి అనుమతి కావాలి.

అనుమతి వచ్చేసరికి ఆలస్యమైంది. రాళ్లు లేపినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నల్లటి బురదలో పైపు. ట్యూబు ముక్క కుళ్లి ఊడిపోయింది, తుప్పు తిన్న చోట చిటికెన వేలు పట్టేంత చిల్లు. నీళ్లు వదిలినంతసేపు ఆ చిల్లులోంచి నీరు బయటికి చిమ్మింది. ఆపగానే చిమ్మడం ఆగి, చుట్టూ ఉన్న మురుగు మెల్లగా అందులోకి దిగడం కళ్లారా చూశాను. పైపు ఖాళీ అయితే బయట ఏముంటే దాన్ని లాక్కుంటుంది. ఎవరైనా మోటారు నేరుగా కుళాయికి తగిలిస్తే ఇంకా గట్టిగా లాగుతుంది. మన ఊళ్లలో నీళ్లు వచ్చేది రోజుకు గంటో రెండు గంటలో. మిగతా సమయమంతా ఆ పైపులు అలా లాక్కుంటూనే ఉంటాయి.

ఆ వీధిలో ఒక పసివాడు పోయాడు. నేను వెళ్లినప్పుడు వాళ్లమ్మ "నీళ్లు తెల్లగానే ఉన్నాయి కదమ్మా" అంది. అంతే అంది. నేనేం చెప్పాలి?

ఇది పాతకాలం ముచ్చట అనుకోకు. 2018 మార్చిలో మన గుంటూరులోనే, పాత గుంటూరు ఆనందపేట వైపు తాగునీళ్లలో మురుగు కలిసి అతిసారం వచ్చింది. పదిమందికి పైగా పోయారు. బ్రాడీపేటలో లైన్లు, అడ్డరోడ్లు గీత గీసినట్టు ఉంటాయి, పైపు ఎటు పోతుందో ఊహించవచ్చు. పాతపేటల సందులు అలా ఉండవు. మంచినీటి పైపుకూ మురుగు లైనుకూ మూడు మీటర్ల ఎడం ఉండాలని మీ మాన్యువల్లో ఉంటుంది. ఆరడుగుల సందులో మూడు మీటర్లు ఎక్కడినుంచి తెస్తావు? అందుకని అక్కడ బుర్ర పెట్టాలి. మంచినీటి పైపు పైన, మురుగు కింద ఉండేలా చూడు. కాలువను దాటే ప్రతి కనెక్షనుకూ బయట ఇంకో గొట్టం తొడిగించు. కాలువ మీద మూత వెయ్యి, వద్దనను, కానీ ఇద్దరు మనుషులు చేతులతో లేపగలిగే మూత వెయ్యి. వీధి చివరి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఆ లెక్క రాకుండా పైన ఒక్క రాయి కూడా పరవనివ్వకు. బిల్లు ఆగినా సరే, మీ బాసుకు కోపమొచ్చినా సరే.

బందరులో ఇంకో చిక్కుంది. నేల బల్లపరుపు, పక్కనే సముద్రం. మురుగు పోవాలంటే వాలు ఉండాలి. పోటు మీద ఉన్నప్పుడు కాలువ నీరు బయటికి పోదు, వెనక్కి తంతుంది. వానా పోటూ ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో పల్లపు ఇళ్లవాళ్లను అడుగు, గోడ మీద నీటి గీత చూపిస్తారు. దానికి తోడు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తారు. రోడ్డు లేస్తుంది, ఇల్లు గుంటలో పడుతుంది. పాత పొర గీకి తీశాకే కొత్తది వెయ్యాలని ప్లానులోనే రాయించు. తాగే నీళ్లు కృష్ణ నుంచి కాలువ మీద రావలసిందే. ఆ కాలువ విజయవాడ మధ్యలోంచి వస్తుంది కాబట్టి పైవాళ్లు అందులో ఏం కలిపారో కూడా నీ లెక్కలోకి రావాలి.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను ట్రైనింగులో ఉన్నాను. మమ్మల్ని అవనిగడ్డ వైపు పంపారు. పదివేల మందికి పైగా చనిపోయిన చోట బతికినవాళ్లు మమ్మల్ని మొదట అడిగింది మందులు కాదు, నీళ్లు. చుట్టూ ఎటు చూసినా నీళ్లే. బావులన్నీ ఉప్పు. ఒక తాత చేద తోడి, నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, మళ్లీ తోడి, మళ్లీ ఉమ్మేశాడు. ఎన్నిసార్లు తోడితే తియ్యనవుతుందో అన్నట్టు. అందుకే చెబుతున్నాను, పాత మేడకు రంగు వేసేటప్పుడు అది గట్టి మేడో కాదో చూడు. గట్టిదైతే తుఫాను రాత్రి పేటవాళ్లు తలదాచుకోవడానికి దారి, మెట్లు, మేడ మీద మంచినీటి ట్యాంకు పెట్టించు. బందరు 1864 ఉప్పెనలో ముప్పైవేల ప్రాణాలు పోగొట్టుకున్న ఊరు. అక్కడ అందం గురించి ఆలోచించేవాళ్లు దీన్ని మర్చిపోకూడదు.

మీ బొమ్మలో బాట పొడుగునా కోనోకార్పస్ మొక్కలు పెట్టారు. నీకు కోపం వచ్చినా చెబుతాను, తీసెయ్. నిటారుగా ఉంటుంది, నీడ ఇవ్వదు. మే నెల ఎండలో చేపల గంప దించుకునే మనిషికి నీడ కావాలి. వేప పెట్టు, కానుగ పెట్టు. ఫౌంటెన్ కూడా వద్దు. రెండు నెలలు ఆడి ఆగిపోతుంది, నిలిచిన మంచినీళ్లలో వారం పదిరోజులకే డెంగీ దోమ లేస్తుంది. ఆ డబ్బుతో ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టించు, లోపల నీళ్లు, గడియ, లైటు ఉండేలా.

బజారు శుభ్రం పేరుతో తోపుడుబళ్లవాళ్లను తరిమేస్తారేమోనని నాకు దిగులు. వీధి వ్యాపారుల కోసం వచ్చిన 2014 చట్టం ప్రకారం ఊరి వెండింగ్ కమిటీలో నూటికి కనీసం నలభై మంది బళ్లవాళ్ల ప్రతినిధులే ఉండాలి. కమిటీ మీటింగు జరిగిందా, వాళ్లు వచ్చారా, నువ్వు స్వయంగా అడుగు. అద్దెకుండేవాళ్లను కూడా మర్చిపోకు. వీధి బాగుపడితే ముందు పెరిగేది అద్దె.

చాలా రాశాను, మందలించాను కూడా. నీ చేతిలో ఒక ఊరు పెట్టారంటే నాకెంత గర్వంగా ఉందో నీకు తెలీదు. చిన్నప్పుడు మా పెరట్లో ఇటుక ముక్కలతో కాలువలు కట్టి నీళ్లు పారించేదానివి, వాలు సరిపోకపోతే ఏడ్చేదానివి. ఇప్పుడు కూడా వాలు సరిపోకపోతే ఊరుకోకు.

ఓటీ పరీక్ష డబ్బా ఒకటి కొని మీ నాన్న చేత పంపిస్తున్నాను. బ్యాగులోనే పెట్టుకో. మీ ఆఫీసు కుళాయి నీళ్లు కూడా పరీక్ష చెయ్యి, పసుపు రాకపోతే కాచి చల్లార్చి తాగు. అక్టోబర్, నవంబర్‌లలో తుఫాను హెచ్చరిక వస్తే సైటు, ఫోటోలు అనకుండా ముందురోజే బస్సెక్కి గుంటూరు వచ్చెయ్. నీతో హాస్టల్లో ఉండే అమ్మాయిలను కూడా తీసుకురా, ఇంట్లో చోటుంది.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య