టెక్ సందేహాలు: స్పీకర్లు ఆన్‌లైన్‌లో కొనాలా, డీలర్ దగ్గరా?

ప్రశ్న: హాల్లో టీవీకి సబ్‌వూఫర్‌తో కలిపి సౌండ్‌బార్ కొనాలనుకుంటున్నాం. డీలర్ చెప్పిన ధర కంటే ఆన్‌లైన్‌లో బాగా తక్కువకే దొరుకుతోంది. డీలరేమో 'విని చూసి తీసుకోండి' అంటున్నారు. ఎక్కడ కొనడం మేలు?

జవాబు: ఇదే ప్రశ్న రకరకాల మాటల్లో ప్రతి వారం వస్తూనే ఉంది. అన్ని ఉత్తరాల్లోనూ ధర తేడా ఉంటుంది. గది ఎంత పొడవో, సోఫా గోడకు ఆనుకుని ఉందో లేదో, రిటర్న్ గడువు ఎన్ని రోజులో మాత్రం ఎవరూ రాయరు. ఎక్కడ కొనాలన్నది తేలేది వాటి మీదే.

డీలర్ దగ్గర విన్నది మీ ఇంట్లో అలాగే వినిపించదు. బాస్ (సబ్‌వూఫర్ ఇచ్చే లోతైన, బరువైన స్వరాలు) విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. ఎదురెదురు గోడల మధ్య 5 మీటర్లుంటే 34 హెర్ట్జ్ దగ్గర, 4 మీటర్లుంటే 43 హెర్ట్జ్ దగ్గర ఆ గది బాస్‌ను తనంతట తానే పెంచేస్తుంది. గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లకు ఆ స్వరం చెవులు దిమ్మెక్కేలా మోగుతుంది. గది మధ్యలో కుర్చీ వేసుకున్నవాళ్లకు అదే స్వరం దాదాపు వినిపించదు. షోరూమ్‌లో గుండె అదిరేలా మోగిన సబ్‌వూఫర్ ఇంటికొచ్చాక చప్పబడిపోయిందని రాసేవాళ్లు దాన్ని వెనక్కి పంపే ముందు రెండు మూడు అడుగులు అటూ ఇటూ జరిపి చూడాలి. ఎక్కువసార్లు తప్పు సబ్‌వూఫర్‌ది కాదు, దాన్ని పెట్టిన చోటుది.

అలాగని డీలర్ దగ్గర వినడం వృథా అనడం లేదు. వినే పద్ధతి ఉంది. రెండు సెట్లను పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టమని అడగండి. ఒకటి రెండోదాని కంటే ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా మన చెవి దాన్ని 'ఎక్కువ శబ్దం' అనుకోదు, 'మంచి శబ్దం' అనుకుంటుంది. డెమో కోసం వాళ్లు పెట్టుకున్న క్లిప్పులు వద్దు. మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి, మాటలు ఎక్కువగా ఉండే సీన్ ఒకటి మీ ఫోన్‌లో తీసుకెళ్లండి. తర్వాత వాల్యూమ్ బాగా తగ్గించి మళ్లీ వినండి. శబ్దం తగ్గే కొద్దీ మన చెవికి బాస్ మిగతా స్వరాల కంటే త్వరగా తగ్గిపోతుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూపారు. ఇంట్లో పిల్లలు పడుకున్నాక మీరు వినేది ఆ తక్కువ వాల్యూమ్‌లోనే. అక్కడ మాటలు స్పష్టంగా లేకపోతే ఆ సెట్ మీకు పనికిరాదు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఉన్న అసలు లాభం ధర కాదు, రిటర్న్ గడువు. మీ గదిలో, మీ సోఫాలో కూర్చుని వినే అవకాశం అది. దాన్ని పెట్టె విప్పకుండానే సగం పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. వచ్చిన రోజే విప్పండి, విప్పుతూ వీడియో తీయండి, అట్టపెట్టె, థర్మోకోల్ గడువు తీరేదాకా పారేయకండి. ఆర్డర్ పెట్టే ముందు అమ్మేవాళ్ల పేరు ఆ కంపెనీ సైట్‌లోని అధీకృత విక్రేతల జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే వారంటీ చెల్లదని చెప్పే కంపెనీలు చాలానే ఉన్నాయి. బయటి దేశం నుంచి తెప్పించినదైతే వెనక రాసి ఉన్న వోల్టేజీ చూడకుండా ప్లగ్ పెట్టొద్దు. 110-120 వోల్టులకు మాత్రమే చేసిన యాంప్లిఫైయర్‌కు 230 వోల్టులు ఇస్తే కాలిపోతుంది.

నా అభిప్రాయం ఇది. సౌండ్‌బార్ లాంటి, ఒక కేబుల్ పెడితే పనయ్యే సెట్ అయితే రిటర్న్ సౌకర్యం ఉన్నచోట ఆన్‌లైన్‌లో నిశ్చింతగా కొనండి. విడిగా యాంప్లిఫైయర్, నాలుగైదు స్పీకర్లు, గోడలో వైరింగ్ ఉంటే ఇంటికొచ్చి బిగించి, కూర్చునే చోటు నుంచి విని సరిచేసే డీలర్‌కు ఎక్కువ డబ్బు ఇవ్వడం న్యాయమే. పెట్టె అందించి పంపేసే డీలర్‌కు ఆ ఎక్కువ ఎందుకివ్వాలి? ఇంకో మాట. డీలర్ దగ్గర గంటసేపు కూర్చుని, నాలుగు సెట్లు మార్పించి విని, ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడం నాకు నచ్చదు. ఆ గంట ఆయన పని గంట.

ప్రశ్న: ఒక సెట్ పెట్టె మీద 1000 వాట్లు, దాని కంటే ఖరీదైన ఇంకో సెట్ మీద 120 వాట్లు అని ఉంది. ఇదెలా?

జవాబు: 120 పక్కన ఆర్‌ఎంఎస్ అని ఉంటే అది ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి. 1000 పక్కన పీఎంపీఓ (ఒక్క క్షణం పాటు ఇచ్చే గరిష్ఠ శక్తి అని చెప్పుకునేది) అని ఉంటే దాన్ని పట్టించుకోవద్దు, ఆ అంకెను ఎలా కొలవాలో చెప్పే ప్రమాణమే లేదు. ఆర్‌ఎంఎస్ అంకె పక్కన కూడా వక్రీకరణ (డిస్టార్షన్, అంటే శబ్దం ఎంత చెడిందన్నది) శాతం చూడండి. 10 శాతం దగ్గర కొలిచిన వాట్లు, 1 శాతం లోపు కొలిచిన వాట్లు ఒకటి కావు. వాట్లు రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెండింతలైనట్టు చెవికి అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఓపెన్ బాక్స్ (ఒకరు విప్పి వెనక్కి పంపినది) అని తగ్గింపు ధరకు వైఫై స్పీకర్ కొన్నాను. ఆన్ చేస్తే యాప్‌లో ఎవరిదో పేరు, వాళ్ల ప్లేలిస్టులు కనిపించాయి. రీసెట్ చేసి వాడుకోవచ్చా?

జవాబు: వాడుకోవచ్చు. వాళ్ల వివరాలేవీ తెరిచి చూడకుండా ఫ్యాక్టరీ రీసెట్ చేసేయండి. ఆ తర్వాత కూడా పాత పేరు తొలగకపోతే అమ్మినవాళ్లకు తిప్పి పంపండి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మీ సంగతి కాదు, దాన్ని వెనక్కి పంపిన ఆ మనిషి సంగతి.

వైఫై స్పీకర్ అంటే మెమరీ, ప్రాసెసర్, చాలావాటిలో మైకు కూడా ఉన్న చిన్న కంప్యూటర్. మీ వైఫై పేరు, పాస్‌వర్డ్, మ్యూజిక్ ఖాతా లాగిన్ అన్నీ దాని మెమరీలో ఉంటాయి. ప్లగ్ పీకితే అవి పోవు. ఫోన్‌లోంచి యాప్ తీసేసినా పోవు. ఫోన్ అమ్మేటప్పుడు పది జాగ్రత్తలు తీసుకునేవాళ్లు స్పీకర్‌ను మాత్రం అలాగే పెట్టెలో పెట్టి కొరియర్ చేతికి ఇచ్చేస్తున్నారు. ఆ పెట్టె ఇంకెవరింటికి చేరుతుందో పంపినవాళ్లకు తెలియదు.

వెనక్కి పంపే ముందు యాప్‌లో ఆ పరికరాన్ని మీ ఖాతా నుంచి తొలగించండి. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. ఆ తర్వాత మ్యూజిక్ సర్వీస్ ఖాతాలోకి వెళ్లి అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి. స్పీకర్ అసలు ఆన్ కాకుండా చచ్చిపోతే ఏం చేయాలి? రీసెట్ చేసే దారి లేదు, వారంటీ కింద పంపక తప్పదు. అలాంటప్పుడు మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చేయాలి. ఫోన్లు, టీవీ, ప్రింటర్ అన్నిటికీ కొత్త పాస్‌వర్డ్ ఇవ్వడం విసుగే. అయినా చేయండి. ఈ ఒక్క పని చేశామని రాసిన పాఠకులు నాకు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

షోరూమ్‌లోనూ ఇదే అజాగ్రత్త. డెమో స్పీకర్‌కు మీ ఫోన్ కలిపితే బయటికొచ్చేలోపు ఫోన్‌లోని బ్లూటూత్ జాబితాలోంచి దాన్ని తీసేయండి. కలిపేటప్పుడు కాంటాక్టులు చూపించనా అని ఫోన్ అడిగితే వద్దనండి. పాట వినిపించడానికి మీ వాళ్ల నంబర్లతో పనేమిటి?

మీరు ఆన్‌లైన్‌లో కొన్నా డీలర్ దగ్గర కొన్నా ఎవరూ చెప్పని విషయం ఇంకొకటుంది. ఈ స్పీకర్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి? 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) ఫ్యాక్టరీలో పెట్టిన 60కి పైగా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలను ప్రయత్నించి కెమెరాలను, రూటర్లను లక్షల్లో తన చేతుల్లోకి తెచ్చుకుంది. 2017లో వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2లోనే లోపం బయటపడింది. ఫోన్లకు, కంప్యూటర్లకు అప్‌డేట్లు వచ్చాయి. అప్పటికే కంపెనీ వదిలేసిన పరికరాలకు మాత్రం రాలేదు. మామూలు స్పీకర్ ఇరవై ఏళ్లు మోగుతుంది. దాంట్లో పెట్టిన సాఫ్ట్‌వేర్ అందులో నాలుగో వంతు కాలమైనా బతుకుతుందన్న హామీ లేకుండా అమ్మడం నాకు మోసంగానే కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు కలిసే వస్తువులకు కనీసం ఎప్పటిదాకా అప్‌డేట్లు ఇస్తారో తయారీదారులు బయటపెట్టాలన్న నియమం అమల్లో ఉంది. మీరు కొనబోయే మోడల్ అక్కడ కూడా అమ్ముతుంటే ఆ గడువు వెతికి చూడండి, మీరు ఏ దేశంలో ఉన్నా చూడొచ్చు. ఎక్కడా దొరకకపోతే డీలర్‌ను అడగండి, ఆన్‌లైన్ పేజీలో ప్రశ్న పెట్టండి. జవాబు రాని మోడల్‌ను నేనైతే కొనను.

ఈ మధ్య వస్తున్న కొన్ని వైఫై స్పీకర్లకు బటన్ ఉండదు, కేబుల్ పెట్టే చోటుండదు. యాప్ దించుకుని, ఖాతా తెరిచి, లొకేషన్ అనుమతి ఇస్తే తప్ప కిక్కురుమనవు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో దగ్గరి బ్లూటూత్ పరికరాలను వెతకడానికి లొకేషన్ అనుమతి తప్పనిసరిగా ఉండేది. కొత్త ఫోన్లలో ఆ అవసరం లేదు, అయినా అడగడం మానలేదు. ఒక అప్‌డేట్‌తో యాప్ పాడైతే ఆ రోజు ఇంట్లో పాట లేదు. కంపెనీ సర్వర్ మూసేస్తే ఇక ఎప్పటికీ లేదు. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్న వస్తువు వాడుకోవడానికి రోజూ ఇంకొకరి అనుమతి కావాలా? కనీసం ఒక హెచ్‌డీఎంఐ గానీ, ఆప్టికల్ గానీ, 3.5 ఎంఎం సాకెట్ గానీ ఉన్న స్పీకర్‌నే కొనండి. యాప్ ఆగిపోయిన రోజున కూడా అది స్పీకర్‌గా మిగులుతుంది.

మీ స్పీకర్‌ను రీసెట్ చేశాక ముందు అప్‌డేట్ పెట్టండి, ఆపైన రూటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కు (అతిథుల కోసం విడిగా ఇచ్చే వైఫైకి) కలపండి. పాట పంపేటప్పుడు ఫోన్ కూడా అదే నెట్‌వర్క్‌లో ఉండాలి. కొన్ని రూటర్లు గెస్ట్ నెట్‌వర్క్‌లోని పరికరాలను ఒకదానికొకటి కనిపించనివ్వవు, ఆ సెట్టింగ్ చూసుకోండి.

ప్రశ్న: కొత్త సౌండ్‌బార్‌ను హెచ్‌డీఎంఐతో కలిపితే శబ్దం రావడం లేదు. టీవీ పాతది, ఈఆర్క్ లేదు, మార్చాలి అంటున్నారు డీలర్. నిజమేనా?

జవాబు: కాదు. టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా సౌండ్‌బార్‌కు పంపే దారి పేరు ఏఆర్‌సీ (ARC), దాని కొత్త రూపమే ఈఆర్క్ (eARC). టీవీ వెనక పోర్టుల్లో ఏఆర్‌సీ అని రాసి ఉన్నదానికే కేబుల్ పెట్టండి, మిగతావాటిలో శబ్దం వెనక్కి రాదు. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిసిన పరికరాలు ఒకదాన్నొకటి నడిపే సౌకర్యం) ఆన్ చేసి, ఆడియో అవుట్‌పుట్‌ను బయటి స్పీకర్లకు మార్చండి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నుంచే ఏఆర్‌సీ ఉంది. స్ట్రీమింగ్ యాప్‌లలో వచ్చే డాల్బీ అట్మాస్ (చుట్టూరా, పైనుంచీ వినిపించే) శబ్దాన్ని కూడా అది మోయగలదు, టీవీ దాన్ని అలాగే పంపనిస్తే చాలు. ఈఆర్క్ కావాల్సింది ముఖ్యంగా బ్లూ-రే డిస్కుల్లో ఉండే, నాణ్యత ఏమాత్రం తగ్గించని (లాస్‌లెస్) ఆడియోకు. డిస్కులు వాడకపోతే మీకు ఆ ఖర్చు అక్కర్లేదు. ఇంతచేసినా శబ్దం రాకపోతే కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే రిటర్న్ గడువు తీరకముందే టీవీ, సౌండ్‌బార్ మోడల్ నంబర్లు రాసి పంపండి.