అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనకు దారి బాపట్ల నుంచే

ప్రశ్న: మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. మిర్చి, పత్తి వేస్తాం. మా అమ్మాయి బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ మూడో ఏడు చదువుతోంది. ఇక్రిశాట్ లాంటి అంతర్జాతీయ సంస్థల్లో పరిశోధన చేస్తానంటోంది. గుంటూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు డిగ్రీ అవగానే విదేశాల్లో ఎమ్మెస్‌కి పంపమంటున్నారు. దానికి ముప్పై లక్షలు అప్పు చేయాలి. బంధువులేమో ఏఓ (వ్యవసాయ అధికారి) ఉద్యోగానికి చదివించమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు అప్పు సంగతి చెబుతాను. ఆ ముప్పై లక్షలు ఇప్పుడు తేవద్దండి. అమ్మాయి కోరిక తప్పని కాదు, ఆ కోరికకు ఇది దారి కాదని చెబుతున్నాను.

అంతర్జాతీయ పరిశోధన అంటే విమానమెక్కి వెళ్లి చేసేదనే అభిప్రాయం చాలామందిలో ఉంది. మీ ఇంట్లో వండుకునే బీపీటీ బియ్యాన్నే తీసుకోండి. 1986లో విడుదలైన బీపీటీ 5204 అమ్మాయి చదువుతున్న బాపట్లలోనే పుట్టింది. దాని తల్లిదండ్రుల్లో జీఈబీ 24 పాత మద్రాసు రాష్ట్రానిది, టీఎన్ 1 తైవాన్‌ది, మసూరి మలేసియాలో ఎంపికైన రకం. ఆ మసూరికి మూలమైన సంకరణం 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) కార్యక్రమం కింద మన కటక్‌లోనే జరిగింది. తర్వాత హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఇదే బీపీటీకి ఎండాకు తెగులును తట్టుకునే శక్తి ఇచ్చారు. అందుకు వాడిన జన్యువుల్లో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రి ద్వారా అది మనదాకా వచ్చింది. ఇన్ని దేశాలు చేయి వేస్తే తప్ప మన పళ్లెంలోకి ఆ అన్నం రాలేదు. ఆ గొలుసులో బాపట్ల కూడా సాటి భాగస్వామే. అమ్మాయి నిలబడాల్సిన చోటు అదే.

మిర్చిని పట్టే నల్ల తామర పురుగు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. 2021లో పూత మొత్తం రాలిపోయి, ఎన్ని మందులు కొట్టినా ఆగక, తోటలు పీకేసిన రైతులు మీ చుట్టుపక్కలే ఉంటారు. ఆ పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. ఇండోనేసియా శాస్త్రవేత్తలకు దాన్ని ఎదుర్కొన్న అనుభవం ముందునుంచే ఉంది. ప్రపంచ దేశాల మిరప విత్తనాల పెద్ద సేకరణ తైవాన్‌లోని వరల్డ్ వెజిటబుల్ సెంటర్‌లో ఉంది. ఆ పురుగు మన పొలంలో ఎప్పుడు దిగుతుంది, ఏ మందుకు మొండికేస్తుంది, రైతు ఎక్కడ విసిగిపోతాడు అన్నది మాత్రం గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన స్థానానికి, మీకు తెలుసు. ఈ మూడూ కలిస్తేనే పరిష్కారం. అలా కలిపే మనుషులు చాలా తక్కువ. మిర్చి రైతు కూతురు, ఇంగ్లిష్‌లో శాస్త్రం రాయగల అమ్మాయి ఆ పని చేస్తే ఎంత బాగుంటుందో నాకు చెప్పలేనంత ఆశ.

ఇక చేయాల్సింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పీజీ ప్రవేశ పరీక్షకు ఇప్పటినుంచే చదవమనండి. మంచి ర్యాంకు వస్తే స్కాలర్‌షిప్ కూడా ఉంటుంది. ఎమ్మెస్సీలో కీటక శాస్త్రమో, జన్యుశాస్త్రం–మొక్కల ప్రజననమో తీసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం థీసిస్. ఇక్రిశాట్ 1972 నుంచి పటాన్‌చెరులో ఉంది. వర్సిటీ విద్యార్థులు అక్కడి శాస్త్రవేత్తను కో-గైడ్‌గా పెట్టుకుని థీసిస్ పని చేసే అవకాశం ఉంది. కాకపోతే అక్కడి పంటలు జొన్న, సజ్జ, రాగి, కంది, శనగ, వేరుశనగ. మిర్చి మీదే చేయాలనుకుంటే అదే ఆవరణలో వరల్డ్ వెజిటబుల్ సెంటర్ దక్షిణాసియా కార్యాలయం ఉంది. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లోనే గైడ్‌తో ఈ మాట ఎత్తాలి, టాపిక్ ఖరారయ్యాక లాభం లేదు. పీహెచ్‌డీ దగ్గర విదేశం వైపు చూడొచ్చు. ఆ దశలో ఫెలోషిప్‌లు ఉంటాయి, ఐసీఏఆర్‌కే నేతాజీ సుభాష్ అంతర్జాతీయ ఫెలోషిప్ ఉంది. విదేశీ ప్రొఫెసర్లు కూడా సొంత సమస్య, సొంత డేటా ఉన్న విద్యార్థికి విలువిస్తారు.

స్టాటిస్టిక్స్ మాత్రం అశ్రద్ధ చేయనివ్వొద్దు. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉచితంగా దొరుకుతుంది, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. నాలుగో ఏడు రావెప్‌లో (పల్లెల్లో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకునే కార్యక్రమం) ఊళ్లో ఉన్నన్నాళ్లూ రైతులు చెప్పింది తేదీలతో సహా రాసుకోమనండి. ఇంటర్వ్యూల్లో ఆ నోట్‌బుక్ పనికొస్తుంది.

ఒక నిజం దాచకూడదు. ఈ సంస్థల్లో చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నంతకాలమే. నిధులు ఇచ్చే దేశం మనసు మార్చుకుంటే పని ఆగిపోతుంది. 2025లో అమెరికా యూఎస్ఎయిడ్ సాయం నిలిపేసినప్పుడు వ్యవసాయ పరిశోధన ప్రాజెక్టులెన్నో అలా మధ్యలో ఆగాయి. అందుకే పీహెచ్‌డీతో పాటు వర్సిటీ అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన ఐసీఏఆర్ నెట్ కూడా రాసి పెట్టుకోవాలంటాను. వర్సిటీలో ఉద్యోగం దొరికితే జీతానికి ఢోకా ఉండదు, అక్కడినుంచే విదేశీ ప్రాజెక్టుల్లో పనిచేయొచ్చు.

బంధువులకు నమ్మకం కలగాలంటే మోదడుగు విజయ్ గుప్తా గారి గురించి చెప్పండి. బాపట్లలో పుట్టారు. అంతర్జాతీయ మత్స్య పరిశోధన సంస్థలో ఉండి బంగ్లాదేశ్‌లో పేద కుటుంబాల చేత, ముఖ్యంగా ఆడవాళ్ల చేత, ఇంటి దగ్గరి గుంటల్లో చేపలు పెంచేలా చేశారు. 2005లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ అందుకున్నారు.

ఏఓ నోటిఫికేషన్ పడితే రాయనివ్వండి, అందులో తప్పేం లేదు. ఎమ్మెస్సీ సీటు, ఏఓ పోస్టు రెండూ ఒకేసారి చేతికొస్తే మాత్రం ఏది కావాలో అమ్మాయినే తేల్చుకోనివ్వండి. అప్పుడు ఇద్దరూ కలిసి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.